రెండు పేర్ల యోడ



నేడు నేను విన్నవింపబోవునది యొక యోడ చరిత్రము. మనుష్యులు సామాన్యముగా సంసారమును విడిచి సన్న్యాసనామమును గ్రహింతురు. ఈ యోడ యట్లు గాక సంసారభారమును దించుకొని భోగినామమును గ్రహించినది. మొదటి నామముతో 19 సంవత్సరములు జపాను దేశమునకు జెందిన కొన్ని దూరద్వీపముల ప్రజలను, వారి బియ్యమును, వారి యుత్తరములను మోసినది. రెండవ నామముతో సుమారు ఒకటిన్నర సంవత్సరము మన పశ్చిమ సముద్రమున విహారార్థులను మోసినది. మొదటి పేరు 'ఒగసావర మరు'. రెండవ పేరు 'ఆంగ్రియ'.

కథలోనికి బోవుటకు ముందు రెండు మాటల భేదమును చెప్పవలసియున్నది. గోదావరీకృష్ణల రేవులలో బల్లకట్టు చేయు పనిని సముద్రముపై పెద్ద యోడ చేసినచో దానిని ఫెర్రీ యందురు. ఈ దరినున్న వారిని ఆ దరికి జేర్చుట దాని పని. క్రూయిజు నౌక యనునది యట్టిది కాదు. అందెక్కినవారికి ఆ దరితో బని స్వల్పము. ఓడలో నుండుటయే వారికి ప్రయోజనము. వ్యాకరణపు మాటలలో జెప్పవలెనన్న, మొదటిదానికి గమ్యము ప్రధానము, రెండవదానికి గమనము ప్రధానము. ఒకే యోడ యీ రెండు పనులు చేసినపుడు దానిలో నేమి మారినది, ఏమి మారలేదు అనునది విచారింపదగిన విషయము.

టోక్యో నగరమునకు దక్షిణముగా సుమారు 1,000 కిలోమీటరుల దూరమున ఒగసావర ద్వీపములు కలవు. పరిపాలనలో నవియు టోక్యోలోనివే. యూరోపీయులు వీనిని బోనిన్ ద్వీపములని పిలిచిరి. ఆ మాట 'బునిన్' అను జపాను మాటకు వికృతి. నిర్జనము అని దాని యర్థము. నిజముగా 1830 వరకు నచట స్థిరనివాసము లేదు. ఆ సంవత్సరమున నథానియెల్ సేవరీ మొదలగు కొందరు పాశ్చాత్యులును, హవాయి ద్వీపములనుండి వచ్చిన మరికొందరును కలిసి యచట కాపురము పెట్టిరి. 1876లో జపాను ప్రభుత్వము తన యధికారమును స్థిరపరచుకొనెను.

ఈ దీవుల పేర్లు వినుటకు మిగుల ముచ్చటగా నుండును. పెద్దదానికి చిచిజిమ యని పేరు. చిచి యనగా తండ్రి. దానికి దక్షిణమున హహజిమ. హహ యనగా తల్లి. చుట్టునున్న చిన్నవానిలో అన్నదీవి, తమ్ముదీవి, అక్కదీవి, చెల్లెలిదీవి కలవు. ఉత్తరమున పెండ్లికొడుకు దీవి యొకటి, పెండ్లికూతురు దీవి యొకటి, ఆ రెండింటి నడుమ పెండ్లిండ్ల పేరయ్య దీవి యొకటి కలవు! ఇంత సంసారముండియు సాధారణ ప్రజలు నివసించునవి తండ్రిదీవియు తల్లిదీవియు మాత్రమే. రెండింట గలసి సుమారు 2,500 మంది యుందురు. విమానాశ్రయము లేదు. తల్లిదీవికి బోవలెనన్న తండ్రిదీవిలో దిగి, మరియొక చిన్న యోడలో రెండు గంటలు ప్రయాణము చేయవలెను.

యుద్ధము ఈ ద్వీపవాసులను చెదరగొట్టెను. 1944లో సుమారు 7,000 మందిని ప్రధానభూమికి బలవంతముగా దరలించిరి. యుద్ధానంతరమున దీవులు అమెరికావారి పాలనలోనికి బోయెను. 1968 జూన్ 26వ తేదీన అవి మరల జపానునకు సంక్రమించెను. ఇరువదినాలుగేండ్లు పరాయిచోట నుండి, తిరిగి తమ నేలకు బోవగోరిన వారికి మొట్టమొదట గావలసినది ఇల్లు గాదు, పొలము గాదు, ఓడ. 1970 దశకమున క్రమమైన నౌకాయానము ఏర్పడెను. 1979లో మొదటి 'ఒగసావర మరు' బయలుదేరి 28 గంటలలో చిచిజిమ చేరుచుండెను. మన కథకు నాయిక యైనది దాని తరువాతిది, అదే పేరుగల రెండవ యోడ. 1997లో షిమొనొసెకి నగరమున మిత్సుబిషి కర్మశాలలో నిర్మింపబడినది.

ఇచట ఒక మాట. జపాను వర్తకపుటోడల పేర్ల చివర 'మరు' అను శబ్దము వచ్చును. పూర్వము మగబిడ్డలకు ముద్దుపేర్ల చివర దీనిని జేర్చెడివారనియు, ఆ ప్రేమచేతనే యోడలకును చేర్చిరనియు కొందరందురు. మరికొందరు వేరు వ్యుత్పత్తులు చెప్పుదురు. సంస్కృతమున మరువనగా నెడారి. చుట్టును నీరుండియు గ్రుక్కెడు త్రాగుటకు వీలులేని తావున దిరుగుదానికి ఈ పేరు మనకు వినుటకు విపరీతముగా దోచును గాని, రెండు భాషల శబ్దములు కలిసినంతమాత్రమున చుట్టరికము కలుపరాదు.

రెండవ ఒగసావర మరు పొడవు 131 మీటరులు. పరిమాణము 6,700 టన్నులు. (ఈ టన్ను బరువు కాదు. ఓడలోపలి చోటునకు కొలత.) గంటకు 22 నాట్లకు మించిన వేగము. వేయిమందికి పైగా ప్రయాణికులు పట్టుదురు. వారిలో ననేకులకు గదులు లేవు. విశాలమైన యంతస్తులలో నేలపై పరచిన తివాచీలమీద, ఒకరి ప్రక్కన నొకరు, తలగడ పెట్టుకొని పండుకొనవలసినదే. మన కోరంగి, విశాఖపట్టణముల రేవులనుండి రంగూనునకు బోయిన తాతల కాలపు డెక్కు ప్రయాణముల మాట వినినవారికి ఈ యేర్పాటు క్రొత్త గాదు. ముందుభాగమున యంత్రపు మోకులతో పెట్టెలను దింపుటకు ఎత్తుడు కొయ్యలు కలవు. టోక్యోలో టకెషిబ రేవున నెక్కినవారు 25 గంటల 30 నిమిషములకు చిచిజిమలో దిగుదురు. నడుమ కురోషియో యను మహాప్రవాహమును దాటవలెను. 'నల్లని ప్రవాహము' అని యా మాట కర్థము. అది దాటునపుడు ఓడ యూగును. అలవాటులేని వారు అన్నము ముట్టరు.

ఓడ దీవికి వచ్చి కొన్నిదినములు లంగరు వేసియుండి మరల టోక్యోకు మరలును. వేసవి రద్దీదినములు తప్ప వారమున కొకమారు మాత్రమే రాకపోకలు. అందుచేత దీవిలో పంచాంగము ఓడయే. తిథివార నక్షత్రములు దాని తరువాతివి. ఓడ వచ్చిననాడు అంగళ్లలో పాలు, కూరగాయలు, క్రొత్త వస్తువులు. ఆ దినము మధ్యాహ్నమునకు అంగడి ముందు జనము. ఓడ రావలసిన ముందురోజున అవే బల్లలు సగము ఖాళీ. వార్తాపత్రికలు కట్టగట్టుకొని వచ్చును. సోమవారపు వార్తయు శుక్రవారపు వార్తయు ఒక్కమారే చదువవలెను. దీవిలో కాన్పు చేయు వసతి లేనందున గర్భిణీస్త్రీలు నెలలు నిండకముందే ఓడనెక్కి ప్రధానభూమికి బోయి, బిడ్డనెత్తుకొని తిరిగి వత్తురు. ప్రాణాపాయమైన రోగము వచ్చినపుడు మాత్రము సైన్యమువారి నీటివిమానము వచ్చి రోగిని గొనిపోవును. తక్కిన సమస్తమునకు ఓడయే దిక్కు. తుపాను వచ్చి యోడ యాగెనా, దీవియు నాగును.

ఓడ బయలుదేరునపుడు జరుగు వీడ్కోలు ప్రసిద్ధమైనది. రేవున డోళ్లు మ్రోగును. ఓడ కదలగానే చిన్న పడవలు పెక్కు దానికి ఇరుప్రక్కల పరుగిడును. కొంతదూరము పోయినపిమ్మట పడవలలోని యువకులు నీటిలోనికి దుముకుదురు. వారు చేతులూపుచు కేకవేయు మాట 'ఇత్తెరస్షాయ్'. 'వెళ్లి రండు' అని దానికి సరియైన తెలుగు. ఓడమీదివారు 'ఇత్తెకిమాసు' అందురు. అనగా 'వెళ్లివత్తును'. గడపదాటునపుడు 'పోవుచున్నాను' అనరాదని మన పెద్దలు పిల్లలకు నేర్పుటలేదా? అంతదూరపు ద్వీపమున అదే మర్యాద యుండుట నాకు మిక్కిలి యాశ్చర్యమును, సంతోషమును కలిగించినది. యాత్రికుని సయితము అతిథిగా గాక, తిరిగి రావలసిన ఇంటివానిగా పంపుట యది.

ఈ యోడకు కాలము తీరకముందే దానిని తొలగించు యత్నము జరిగెను. గంటకు 40 నాట్లకు సమీపించు వేగముగల యొక యద్భుతనౌకను 'టెక్నో సూపర్ లైనర్' అను పేరుతో జపానువారు సంకల్పించి, అల్యూమినియముతో తమానో కర్మశాలలో నిర్మించిరి. గాలి యొత్తిడిచే నోడను కొంత పైకెత్తి, నీటి రాపిడి తగ్గించి నడపుట అందలి యుపాయము. ఇరువదియైదున్నర గంటల ప్రయాణము సుమారు పదునేడు గంటలకు దిగునని చెప్పిరి. ద్వీపవాసులు ఎంత యాశపడియుందురో ఊహింపవచ్చును. అయితే 2005 నాటికి చమురు ధర యెంత పెరిగెననగా, ఓడ సిద్ధమైనను దానిని నడుపుట నష్టమని తేలి, ఒడంబడికను విడిచిపెట్టిరి. అది ఒక్క యాత్రికునైనను ఒగసావరకు గొనిపోలేదు. 2011లో భూకంపమును, సముద్రపుటుప్పెనయు ఇషినొమకి పట్టణమును ధ్వంసము చేసినపుడు, ఆ రేవున నిలిచి బాధితులకు స్నానభోజన వసతి గల్పించినది. దాని జన్మమున అదియొక్కటే సార్థకమైన పని. దానిచే త్రోసివేయబడవలసిన పాత యోడ మాత్రము మరి పదునొకండు సంవత్సరములు తన పనిని తాను చేసికొనుచునే యుండెను.

2016 జూలైలో మూడవ ఒగసావర మరు వచ్చెను. పరిమాణమున పెద్దది, ప్రయాణకాలము సరిగా 24 గంటలు. రెండవది విశ్రమించెను.

విశ్రమించెనంటిని గాని, ఓడలకు విశ్రాంతి యనునది సామాన్యముగా విడగొట్టుటయే. దీనికి మాత్రము వేరొక యోగము పట్టినది. ముంబయిలో ఒక నౌకాధిపతియు ఆయన సహచరులును దానిని సంపాదించి తెచ్చి, విహారనౌకగా మార్చిరి. 2018 అక్టోబరులో నాటి కేంద్ర నౌకాయానశాఖామంత్రి నితిన్ గడ్కరీ దానిని ప్రారంభించిరి. ముంబయినుండి గోవాకు దాని మార్గము.

ఈ మార్గమున ఓడ నడచుట క్రొత్త కాదు. కొంకణతీరమున రోడ్లు సరిగా లేని దినములలో ముంబయినుండి రత్నగిరి, మాల్వణ్, పణజి వరకు స్టీమరులు నడచుచుండెను. మహారాష్ట్రులు స్టీమరును 'ఆగ్‌బోట్' అనిరి. నిప్పుపడవ యని యర్థము. మనవారు పొగయోడ యనిరి. వారికి నిప్పు గనబడినది, మనకు పొగ గనబడినది! దేశాభిమానముతో స్వదేశీయులు స్థాపించిన నౌకాసంఘమును అచటి జనులు 'మాఝీ ఆగ్‌బోట్ కంపెనీ', అనగా 'నా ఓడ కంపెనీ' యని పిలిచెడివారు. ఏటిలోనికి బోలేని చిన్న రేవులకెదురుగా స్టీమరు నిలుచును. నాటుపడవలు వచ్చి జనులను, మూటలను, మేకలను దింపుకొనిపోవును. ముంబయి నూలుమిల్లులలో బనిచేయు కొంకణపు కూలీలు ఆ యోడలలోనే ఊరికి వచ్చి, ఆ యోడలలోనే మరల పనికి బోవుచుండిరి. వానకాలమున సముద్రము రేగి యోడలు నిలిచినచో, నాలుగు నెలలు ఊరి ముఖము చూచుట దుర్లభము.

ఆ చరిత్రలో ఘోరమైన దినము 1947 జూలై 17. స్వాతంత్ర్యమునకు నెలదినములు లేదు. 'రాందాసు' అను ఓడ ముంబయినుండి రేవసు రేవునకు బోవుచు, గాలివానలో ఒక ప్రక్కకు నొరిగి మునిగెను. 600 మందికి పైగా మరణించిరి. అలల తాకిడికి జడిసి జనము ఒకే ప్రక్కకు పరుగెత్తుటయు దాని నొరగించినదని చెప్పుదురు. ఓడ త్రాసు వంటిది. పై యంతస్తున బరువు కదలినచో క్రింది యినుము దానిని మరల నిలబెట్టలేదు. దీనిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరెదను. ఏలనన, ప్రయాణపుటోడను విహారపుటోడగా మార్చునపుడు మొదట దలపవలసినది ఇదియే. విహారనౌకలో వేడుకలన్నియు పైభాగముననే యుండగోరుదురు. ఈతకొలను, వంటశాలలు, నృత్యశాల, అద్దములు. కొలనులోని నీరు ఓడతోపాటు కదలును. ఒరిగిన వైపునకే పారును. అందుచేత పైన జేర్చిన ప్రతి మణుగునకును క్రింద లెక్క చూపవలెను. ఇది చూచువారికి గనబడని పని. చక్కగా జరిగినపుడు ఎవ్వరును దానిని మెచ్చుకొనరు.

రోడ్లు బాగుపడినకొలదియు కొంకణపు స్టీమరులు తగ్గెను. 1980 దశకము ముగియునప్పటికి అవి నిలిచిపోయెను. 1998లో కొంకణ రైలుమార్గము పూర్తి యయ్యెను. ఆపైన ఆ తీరమున పెద్దయోడ యెక్కవలసిన యవసరము ఎవ్వరికిని లేకపోయెను. అవసరము లేని చోటికి 'ఆంగ్రియ' వచ్చినది.

వేయిమంది పండుకొన్న యోడలో 104 గదులు వెలసెను. నన్నూరుమందికి మాత్రమే చోటు. ఈతకొలను, భోజనశాలలు, పానశాలలు, సంగీతము. కాలము విషయమున జరిగిన మార్పు మరింత విచిత్రము. ఆ యోడ సాయంకాలము నాలుగు గంటలకు ముంబయిలో బయలుదేరి మరునాటి యుదయము తొమ్మిదింటికి గోవా చేరుచుండెను. పదునేడు గంటలు. జపానులో నడచిన వేగముతో నడచినచో అది నడిరాత్రి దాటిన కొంతసేపటికే గోవా చేరగలదు. కాని నడిరాత్రి గోవాలో దిగి విహారార్థి యేమి చేయును? అందుచేత నెమ్మదిగా నడపిరి. ఇరువదియెనిమిది గంటలు ఇరువదియైదున్నరయైనపుడు ద్వీపవాసులు పండుగ చేసికొన్నారు. అదే యోడ అదే యంత్రములతో ఇచట ఆలస్యమునకు వెల కట్టుకొనినది.

దీనిని నేను నిందగా జెప్పుటలేదు. నౌకావిహారము పాపము గాదు. మన రాజులు చేసిరి, మన కవులు వర్ణించిరి. ఆ యోడపై వందలమందికి గాకున్నను పదులమందికి జీవనము దొరకినది. సముద్రతీరమున బుట్టియు సముద్రముమీద ఒక్కరాత్రియైన నిద్రింపని మనవారికి అది యొక విద్య. అయితే ప్రారంభమునకు ముందు దిఘీ, దాభోల్, రత్నగిరి, విజయదుర్గము, మాల్వణ్, రేడి యను రేవుల పేర్లు కూడ ప్రకటనలలో వినవచ్చెను. ఆ చిన్న రేవులలో నిజముగా ఓడ యాగి, రెండు అంతస్తులైనను తివాచీ పరచిన తక్కువ రుసుమునకు విడిచియున్నచో, విహారార్థితో పాటు కూలివాడును, పండ్లబుట్టతో రైతును ఎక్కియుందురు. ఆ యోడకు అది తెలిసిన పనియే గదా. వర్తకము చేయువారు ఇందులకు నవ్వవచ్చును. నవ్వినను నా యభిప్రాయము నాది.

క్రొత్తపేరును గురించి కొంచెము. కాన్హోజీ ఆంగ్రే మరాఠాల నౌకాసేనాధిపతి, 1729లో మరణించెను. ఆంగ్లేయులు ఆయనను సముద్రపు దొంగ యనిరి. తమ యోడలకు పన్ను విధించి, చెల్లింపని వానిని పట్టుకొనిన వానికి వారిట్టి బిరుదమిచ్చుట వింతగాదు. 1721లో ఆంగ్లేయులును పోర్చుగీసువారును కలిసి ఆయన కొలాబా దుర్గమును ముట్టడించి విఫలులైరి. విజయదుర్గమునకు పడమర సముద్రములో నూరు కిలోమీటరులకు పైబడిన దూరమున నీటిలో మునిగియున్న పగడపుతిట్ట కూడ ఆంగ్రియ పేరుతోనే ప్రసిద్ధము. నిర్జనద్వీపముల పేరు మోసిన యోడ ఒక యోధుని పేరును, పగడపుతిట్ట పేరును ధరించుట పేర్లయందు ఆసక్తిగల నాబోటివానికి ముచ్చట గొలుపును.

2020 మార్చిలో కోవిడు మహమ్మారి దేశమును మూసివేసినపుడు ఆంగ్రియ యాత్రలు నిలిచినవి. గోవా చేరవలసినవారికి రైలు, రోడ్డు, విమానము, పిమ్మట ఒక్కొక్కటిగా తెరవబడెను. ఓడ లేదని ఏ యింటిలోను పొయ్యి యారలేదు. ఏ గర్భిణియు గట్టున నిలిచి యెదురుచూడలేదు. ముంబయి గోవాల నడుమ ఆ ప్రయాణములు మరల మొదలుకాలేదు.

అదే యేట టోక్యోలో మూడవ ఒగసావర మరు ఆగలేదు. వైద్యవసతి స్వల్పమైన దీవికి రోగము పోరాదని విహారార్థులను రావలదని కొన్నాళ్లు వేడుకొనిరి. తరువాత ఎక్కువారిని ముందుగా పరీక్షించుటకు ఏర్పాటు చేసిరి. మనుష్యులు తక్కువైన దినములలోను పాలు, కూరగాయలు, మందులు, ఉత్తరములు ఎక్కినవి. నేటికిని ఆ యోడ టకెషిబ రేవున పగలు పదునొకండు గంటలకు బయలుదేరి, మరునాడు పదునొకండు గంటలకు తండ్రిదీవి చేరుచున్నది.